గన్నవరం–విశాఖ గగనమార్గం: 290 కిలోమీటర్లకు గంట ఎందుకు?

విజయవాడకు ఈశాన్యంగా జాతీయ రహదారి పక్కనే ఉన్న గన్నవరం విమానాశ్రయానికీ, విశాఖపట్నంలో నౌకాదళ స్థావరంతో కలిసి ఉన్న విమానాశ్రయానికీ మధ్య సూటి దూరం సుమారు 290 కిలోమీటర్లు కాగా, ఆ రెండింటి మధ్య నడిచే విమానాలకు టైమ్‌టేబుళ్లు దాదాపు గంట ప్రయాణ కాలం చూపుతాయి. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న విమానానికి ఆ దూరం 35 నిమిషాల పని, 800 కిలోమీటర్లు దాటిన వేగంతో పోయే జెట్ విమానానికైతే 22 నిమిషాలకు మించని పని. మిగిలిన సమయం ఎక్కడ ఖర్చవుతుందన్నది సాధారణ ప్రయాణికుడికి సహజంగా కలిగే సందేహమే గాని, దానికి జవాబు వెతికే ముందు 290 అన్న అంకె ఎలా వచ్చిందో తెలుసుకోవడం అవసరం.

ప్రతి విమానాశ్రయానికీ అధికారికంగా ఒక ప్రామాణిక బిందువును నిర్ణయిస్తారు. అది సాధారణంగా రన్‌వేల మధ్యభాగానికి దగ్గరగా ఉంటుంది, విమానాశ్రయం భూమి మీద ఎక్కడున్నదో చెప్పే అక్షాంశ రేఖాంశాలు ఆ బిందువువే. గన్నవరం బిందువు సుమారుగా 16 డిగ్రీల 32 నిమిషాల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల 48 నిమిషాల తూర్పు రేఖాంశం వద్ద ఉండగా, విశాఖ బిందువు 17 డిగ్రీల 43 నిమిషాల ఉత్తర అక్షాంశం, 83 డిగ్రీల 13 నిమిషాల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. ఇక్కడ నిమిషమంటే కాలాన్ని కొలిచే నిమిషం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు. భూమి మీద ఉత్తర దక్షిణాలుగా ఒక నిమిషం జరిగితే దాటే దూరాన్నే నాటికల్ మైలు అంటారు, అది 1.852 కిలోమీటర్లకు సమానం. ఓడల వాళ్ల నుంచి విమానాల వాళ్లకు సంక్రమించిన ఈ కొలత ఇప్పటికీ వాడుకలో నిలిచి ఉండడానికి కారణం, పటం మీది డిగ్రీలను మరే గుణకారమూ లేకుండా దూరంగా మార్చుకునే సౌలభ్యమే.

ఈ సౌలభ్యంతో లెక్కను కాగితం మీదే చేసి చూడవచ్చు. రెండు బిందువుల మధ్య అక్షాంశ భేదం సుమారు 71 నిమిషాలు గనుక ఉత్తర దిశగా జరగవలసిన దూరం 71 నాటికల్ మైళ్లు. రేఖాంశ భేదం దాదాపు 145 నిమిషాలు గాని, భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు ఒకదానికొకటి దగ్గరపడతాయి కాబట్టి ఆ అంకెను యథాతథంగా తీసుకోకుండా మధ్య అక్షాంశమైన 17 డిగ్రీలకు కొసైన్ విలువతో, అంటే సుమారు 0.956తో గుణించాలి. అప్పుడు తూర్పు దిశగా జరిగే దూరం 139 నాటికల్ మైళ్లు అవుతుంది. ఈ రెండూ లంబకోణ త్రిభుజపు భుజాలు, కావలసినది కర్ణం. హైస్కూల్లో నేర్చిన పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం అది 156 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 290 కిలోమీటర్లు.

భూమి గుండ్రంగా ఉన్నప్పుడు చదునైన త్రిభుజంతో లెక్క ఎలా సరిపోతుందని అనుమానం రావచ్చు. గోళం మీద రెండు బిందువులను కలిపే అతి చిన్న దారిని మహావృత్త మార్గం అంటారు. గోళపు కేంద్రం గుండా పోయే తలంతో కోస్తే ఉపరితలం మీద ఏర్పడే వృత్తంలోని ముక్క అది. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లే దారి గోడ మీది పటంలో ఉత్తర ధ్రువం వైపు వంగినట్టు కనిపించడం ఈ మహావృత్తం చలవే. అది వంకరదారి కాదు, గుండ్రటి భూమిని చదును చేసిన పటమే దాన్ని వంకరగా చూపిస్తుంది. అయితే మూడు వందల కిలోమీటర్ల లోపు దూరాలకు భూమి వంపు ప్రభావం ఎంత స్వల్పమంటే, పైన చేసిన లెక్కకూ పూర్తి గోళ గణితంతో చేసిన లెక్కకూ తేడా ఒక కిలోమీటరు కూడా ఉండదు. భూమి ధ్రువాల వద్ద కాస్త నొక్కుకుపోయిందన్న సంగతిని లెక్కలోకి తీసుకున్నా ఈ మార్గంలో అంకె మారదు.

ఈ సూటి దూరాన్ని రైలు దూరంతో పోల్చడం పరిపాటి. విజయవాడ, విశాఖపట్నం స్టేషన్ల మధ్య రైలు దూరం 350 కిలోమీటర్లు గనుక, గాలిలో 60 కిలోమీటర్లు ఆదా అవుతున్నట్టు పైకి కనిపిస్తుంది. ఈ పోలికలో ఒక మెలిక ఉంది. గన్నవరం విజయవాడ నుంచి ఏలూరు వైపు, అంటే విశాఖ దిశలోనే సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఉంది. విశాఖ విమానాశ్రయం కూడా నగర కేంద్రానికి పడమరగా, ఎన్ఏడీ కూడలికి చేరువలో, అంటే విజయవాడ నుంచి వచ్చేవారికి నగరం కంటే ముందే తగిలే చోట ఉంది. రెండు విమానాశ్రయాలూ రెండు నగరాల నడుమనే ఉండడం వల్ల, విమానం ఆదా చేసినట్టు కనిపించే దూరంలో సగభాగాన్ని ప్రయాణికుడు కారులోనో బస్సులోనో రోడ్డు మీద దాటుతున్నాడన్న మాట. స్టేషనుకూ స్టేషనుకూ మధ్య సూటిగా కొలిస్తే దూరం 310 కిలోమీటర్లు దాటుతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, రాజమహేంద్రవరం, సామర్లకోట, తుని, అనకాపల్లి మీదుగా సాగే రైలుమార్గం ఆ సూటి దూరం కంటే పదిశాతానికి కొంచెం ఎక్కువగా మాత్రమే పొడవు. కొండలూ లోయలూ అడ్డురాని తీరాంధ్ర మైదానం మీద పట్టాలు వేసినవారు పెద్దగా చుట్టు తిప్పలేదు. రాజమహేంద్రవరం విమానాశ్రయమైతే గన్నవరం–విశాఖ సూటి రేఖకు ఏడెనిమిది కిలోమీటర్లు మాత్రమే ఉత్తరంగా ఉంది.

విమానమైనా సూటి రేఖ మీదే ఎగురుతుందా అంటే అదీ లేదు. విమానం సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. ఎదురుగాలి రెక్కలకు అదనపు బలమిచ్చి, తక్కువ పరుగుతోనే పైకి లేవడానికీ నెమ్మదిగా నేలను తాకడానికీ తోడ్పడుతుంది. గన్నవరం రన్‌వేకు 08, 26 అన్న గుర్తింపు అంకెలున్నాయి. వాటికి చివర సున్నా చేర్చి డిగ్రీలుగా చదువుకుంటే ఒక కొస నుంచి బయలుదేరిన విమానం 80 డిగ్రీల దిశకు, అంటే ఇంచుమించు తూర్పుకు, రెండో కొస నుంచి బయలుదేరినది 260 డిగ్రీల దిశకు, అంటే పడమరకు పోతుందని అర్థం. విశాఖ ప్రధాన రన్‌వేకు 10, 28 అంకెలు. తూర్పు గాలి వీచే రోజున గన్నవరంలో తూర్పుముఖంగా లేచిన విమానం కొద్దిపాటి మలుపుతో విశాఖ దారి పడుతుంది, విశాఖలోనూ తూర్పుముఖంగానే దాదాపు నేరుగా వచ్చి దిగవచ్చు. పడమటి గాలి వీస్తే వ్యవహారం తారుమారవుతుంది. విమానం ముందు విజయవాడ వైపు లేచి, మలుపు తిరిగి, ఆపైన విశాఖ దిశకు రావాలి. విశాఖ చేరాక విమానాశ్రయాన్ని దాటి సముద్రం వైపు పోయి, అక్కడ వెనక్కి తిరిగి పడమటి ముఖంగా దిగాలి. ఈ మలుపులకు అయ్యే దూరం పదుల కిలోమీటర్లలో ఉంటుంది, 290లో దానికి చోటు లేదు.

విశాఖలో మరొక పరిమితి కూడా ఉంది. అక్కడి రన్‌వే నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరంలోనిది. ప్రయాణికుల టెర్మినల్ దాని పక్కన ఏర్పడిన పౌర విభాగం మాత్రమే, ఆకాశంలో రాకపోకల నియంత్రణ నౌకాదళం చేతిలోనే ఉంటుంది. నౌకాదళ విమానాల అభ్యాసాలు సాగే వేళల్లో పౌర విమానాలకు సమయాలు కుదించడమో, దిగేందుకు వరుసలో నిలపడమో తప్పదు. తూర్పు తీరానికి ప్రధాన స్థావరమైన చోట ఇది సహజమే గాని, ప్రయాణ కాలాన్ని లెక్కగట్టే విమానయాన సంస్థ దాన్ని మనసులో పెట్టుకోకుండా టైమ్‌టేబుల్ వేయలేదు.

టికెట్ మీద కనిపించే ప్రయాణ కాలాన్ని విమానయాన పరిభాషలో బ్లాక్ టైమ్ అంటారు. నిలిపి ఉంచిన విమానం కదలకుండా చక్రాలకు అడ్డంగా పెట్టే దిమ్మెలను తీసి విమానం కదిలిన క్షణం నుంచి, గమ్యంలో ఆగి మళ్లీ దిమ్మెలు పెట్టే క్షణం వరకు గడిచే కాలం అది. రన్‌వే దాకా నేల మీద దొర్లడం, ముందున్న విమానం లేచేదాకా ఆగడం, పైకెక్కడం, సమతలంగా పోవడం, దిగడం, దిగాక నిలిచే చోటుకు చేరడం అన్నీ అందులో భాగాలే. గాల్లో ఉన్న సమయం దానిలో ఒక ముక్క మాత్రమే. మార్గం ఎంత చిన్నదైతే మిగతా ముక్కల వాటా అంత పెద్దదవుతుంది. అందుకే దూరాన్ని వేగంతో భాగించి, దానికి అరగంట కలిపి చెప్పే స్థూల లెక్క పొడవాటి మార్గాల కంటే ఇటువంటి పొట్టి మార్గాల్లోనే ఎక్కువ అర్థవంతం.

ఇటువంటి మార్గాలకు తగినట్టుగా తయారైనది ఏటీఆర్ 72 విమానం. ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో రూపుదిద్దుకునే ఈ విమానానికి రెండు టర్బోప్రాప్ ఇంజన్లు, అంటే జెట్ ఇంజన్ లాంటి యంత్రంతో తిరిగే ప్రొపెల్లర్లు ఉంటాయి. ఒక్కొక్క ప్రొపెల్లర్‌కు ఆరు రెక్కలు. దీని గరిష్ఠ ప్రయాణ వేగం గంటకు సుమారు 510 కిలోమీటర్లు. ప్రయాణికులు ఎడమవైపు వెనక తలుపు గుండా ఎక్కుతారు, సామాను అర ముందు భాగంలో ఉంటుంది. తలుపుకే మెట్లు అమరి ఉండడం వల్ల ఏరోబ్రిడ్జి అక్కరలేదు. నేల మీద ఉన్నప్పుడు విద్యుత్తు కోసం పెద్ద విమానాల తోకలో ఉండే అదనపు చిన్న ఇంజన్ దీనిలో లేదు. దాని బదులు కుడివైపు ఇంజన్‌ను నడుపుతూనే దాని ప్రొపెల్లర్‌ను బ్రేకుతో ఆపి ఉంచి ఆ ఇంజన్ నుంచే విద్యుత్తు తీసుకోవచ్చు. బరువు తగ్గించుకోవడానికి చేసిన ఈ ఏర్పాటును వైమానిక సిబ్బంది హోటల్ మోడ్ అంటారు. ఇంజన్ మోగుతున్నా ప్రొపెల్లర్ కదలకుండా ఉండడం చూసి కొత్త ప్రయాణికులు కంగారుపడనవసరం లేదు.

జెట్ విమానాన్ని వేస్తే సమయం సగానికి తగ్గదా అన్న ప్రశ్నకు జవాబు కిందికి దిగే లెక్కలో ఉంది. విమానం సాఫీగా దిగాలంటే ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్ల దూరం కావాలన్నది పైలట్లు పాటించే స్థూల సూత్రం. జెట్ ఇంజన్లు పొదుపుగా పనిచేసేది 30 వేల అడుగులకు పైన. అంత ఎత్తు నుంచి దిగడానికే 90 నాటికల్ మైళ్లు కావాలి, అంత ఎత్తు ఎక్కడానికి ఇంచుమించు అంతే కావాలి. మొత్తం దారి 156 నాటికల్ మైళ్లయినప్పుడు అది పొసగదు. అందువల్ల విమానం 24 వేల అడుగులకు పరిమితమైందనుకుంటే, దిగడానికి 72 నాటికల్ మైళ్లు, ఎక్కడానికి 50, 60 మైళ్లు పోగా, సమతలంగా తన సహజ వేగంతో పోవడానికి మిగిలేది ఏ 50 కిలోమీటర్లో. అంతే కాదు, 10 వేల అడుగుల దిగువన వేగం సాధారణంగా 250 నాట్లకు, అంటే గంటకు 463 కిలోమీటర్లకు మించకూడదు. ఆ ఎత్తులో జెట్‌కూ ఏటీఆర్‌కూ పెద్ద తేడా ఉండదు. అన్నీ కలిపితే జెట్ ఆదా చేసేది ఎనిమిది, పది నిమిషాలు. దానికి బదులుగా ఇంధనం గణనీయంగా ఎక్కువ తాగుతుంది, నూట ఎనభై సీట్లు నింపవలసి వస్తుంది. వేగవంతమైన యంత్రం ఈ మార్గంలో తన వేగాన్ని చూపించే అవకాశమే లేకుండా నేలకు దిగుతుంది.

గాలి ప్రభావాన్ని ప్రయాణికులు అవసరానికి మించి ఊహించుకుంటారు. నైరుతి రుతుపవనాల కాలంలో ఏటీఆర్ ఎగిరే 15 వేల అడుగుల దరిదాపుల్లో పడమటి గాలులు వీస్తాయి గనుక విశాఖ వెళ్లేటప్పుడు అవి వెనక నుంచి తోస్తాయి, తిరిగి వచ్చేటప్పుడు ఎదురవుతాయి. గాలి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పూర్తిగా దారి వెంటే వీచిందనుకుంటే, గంటకు 500 కిలోమీటర్ల విమానం పోయేటప్పుడు 32 నిమిషాలు, వచ్చేటప్పుడు 38 నిమిషాలు తీసుకుంటుంది. గాలి లేనప్పుడు 35. మరొక చిత్రమేమంటే, అదే పడమటి గాలి నేల దగ్గర కూడా వీస్తే, పైన చెప్పినట్టు గన్నవరంలో విమానం పడమరకు లేచి తిరగాలి, విశాఖలో ఊరు దాటి వెనక్కి రావాలి. నడిదారిలో మూడు నిమిషాలు కలిసొచ్చినా రెండు కొసల్లో అంతకు మించి పోతాయి. గాలి కంటే ఈ మార్గాన్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొలాల మధ్య ఉన్న గన్నవరం రన్‌వే మీద కమ్ముకునే పొగమంచు. ఇక తుపానుల సంగతి చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న విరుచుకుపడిన హుద్‌హుద్ విశాఖ టెర్మినల్ కప్పునే చీల్చివేయగా విమానాలు కొన్ని రోజుల పాటు నిలిచిపోయాయి.

వీటన్నిటినీ దృష్టిలో పెట్టుకునే సంస్థలు టైమ్‌టేబుల్‌లో కొన్ని నిమిషాలు అదనంగా వేసుకుంటాయి. నిర్ణీత సమయానికి 15 నిమిషాల లోపు జాప్యమైతే విమానం సకాలంలో నడిచినట్టే లెక్కించే పద్ధతి కూడా ఉంది. విమానం పది నిమిషాలు ముందే చేరిందని సిబ్బంది ప్రకటించినప్పుడు పైలట్ వేగంగా నడిపాడనుకోవడం కంటే, టైమ్‌టేబుల్‌లో ముందే వదిలిన ఖాళీ ఆ రోజు వాడుకలోకి రాలేదనుకోవడమే సమంజసం.

దూరమూ కాలమూ చార్జీలను కూడా శాసిస్తాయి. 2016లో కేంద్రం ప్రకటించిన ఉడాన్ పథకం, చిన్న పట్టణాలను కలిపే విమానాల్లో కొన్ని సీట్లకు, సుమారు 500 కిలోమీటర్ల గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి పెట్టి, లోటును ప్రభుత్వం భరించే ఏర్పాటు చేసింది. 2017 ఏప్రిల్ 27న ఈ పథకం కింద మొదలైన తొలి సర్వీసుల్లో కడప–హైదరాబాద్ ఒకటి, అది కూడా గన్నవరం–విశాఖ లాగే 300 కిలోమీటర్ల దరిదాపు దారి. గంటకు 500 కిలోమీటర్లన్న ఆ కొలబద్ద చిన్న దారులకు వర్తించదని పై లెక్కలే చెబుతున్నాయి. నేల మీద గడిచే నిమిషాల ఖర్చు 300 కిలోమీటర్లకైనా 600 కిలోమీటర్లకైనా ఒకటే. చిన్న విమానాల ఖర్చును కొంత తగ్గించేలా 80 సీట్ల లోపు దేశీయ విమానాలకు ల్యాండింగ్ రుసుము మినహాయించే విధానం వచ్చింది. సీట్లు 78కి మించని ఏటీఆర్‌లు దీని కిందికే వస్తాయి.

ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క వేసుకుంటే విమానం గొప్ప మరింత తగ్గుతుంది. విజయవాడ నడిబొడ్డు నుంచి గన్నవరానికి ముప్పావు గంట, తనిఖీలకూ నిరీక్షణకూ గంటన్నర, గాల్లోనూ నేల మీదా కలిపి గంట, సామాను చేతికొచ్చి విశాఖలో ఇల్లు చేరడానికి మరో ముప్పావు గంట, వెరసి నాలుగు గంటలు. 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్–విశాఖపట్నం వందేభారత్ రైలు విజయవాడ, విశాఖల మధ్య తీసుకునే సమయం కూడా నాలుగు గంటలకు అటూ ఇటూగానే ఉంటుంది. పైగా రైలు దించేది నగరం నడుమనే. రెండు నగరాల మధ్యనే తిరిగే వ్యక్తికి ఈ విమానం పెద్దగా చేసే మేలు లేదు. విశాఖలో దిగి మరో విమానం పట్టుకోవలసినవారికి, గన్నవరం పరిసరాల్లోనే ఉంటూ సాయంత్రానికి తిరిగి రావలసినవారికి మాత్రం అది అక్కరకొస్తుంది.

విజయనగరం జిల్లా భోగాపురం వద్ద నిర్మాణం చేపట్టిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి పౌర విమానాలు మారితే ఈ లెక్కలన్నీ తిరగరాయవలసి వస్తుంది. ఇప్పటి విమానాశ్రయానికి ఈశాన్యంగా 40 కిలోమీటర్ల దూరాన ఉన్న ఆ చోటుకు గన్నవరం నుంచి సూటి దూరం 330 కిలోమీటర్లకు చేరుతుంది. గాల్లో పెరిగేది ఐదు నిమిషాలే, నౌకాదళపు సమయ పరిమితులు తొలగితే అవి కూడా తిరిగి చేతికి రావచ్చు. విశాఖ నగరవాసి మాత్రం తన ఊరిని దాటి దిగి, రోడ్డు మీద 45 కిలోమీటర్లు వెనక్కి రావాలి, అంటే ఈ మార్గంలో రైలుదే పైచేయి అవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారికైతే ఇది లాభమే. విశాఖలో దిగి శ్రీకాకుళం పోవడానికి ఇప్పుడు పట్టే రోడ్డు దూరం భోగాపురం నుంచి ఇంచుమించు సగానికి తగ్గుతుంది.